వంద రూపాయల హోస్టింగ్‌లో అన్నీ వచ్చేస్తాయా?

విజయవాడ, గుంటూరు వ్యాపారుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సలహా బాగా తిరుగుతోంది. సారాంశం ఇది: "చిన్న వ్యాపారానికి మెయిల్ కోసం విడిగా డబ్బు కట్టడం దండగ. నెలకు వంద రూపాయల అన్‌లిమిటెడ్ హోస్టింగ్ తీసుకోండి. డొమైన్ ఫ్రీ, మెయిల్ ఐడీలు కావలసినన్ని. టాలీ ఫోల్డర్‌ని డ్రైవ్‌లో సింక్ పెట్టేస్తే బ్యాకప్ కూడా అయిపోయినట్టే. మిగతాది సైట్ చేసిన కుర్రాడు చూసుకుంటాడు." హోస్టింగ్ అంటే మీ సైట్, మెయిల్ నడిచే సర్వర్‌లో అద్దె జాగా, డొమైన్ అంటే మీ సైట్ పేరు, టాలీ అంటే లెక్కలు రాసే ప్రోగ్రాం, డ్రైవ్ అంటే ఇంటర్నెట్‌లో ఫైళ్లు దాచే గూగుల్ జాగా. బీసెంట్ రోడ్డు బట్టల షాపైనా, మిర్చి యార్డు కమీషన్ వ్యాపారైనా దీన్ని నమ్మి డబ్బు కట్టేముందు ఒక్కో మాటా విడదీసి చూసుకోవాలి.

"అన్‌లిమిటెడ్" అన్న మాటతో మొదలుపెడదాం. ఇలాంటి ప్లాన్లలో జీబీల లెక్క చెప్పరు గానీ, ఫైళ్ల సంఖ్యకు పరిమితి ఉంటుంది. సర్వర్‌లో సాధారణంగా ఒక్కో మెయిల్ ఒక్కో ఫైలుగా నిలవ ఉంటుంది కాబట్టి, నాలుగేళ్ల మెయిళ్లు పేరుకుంటే ఆ లెక్క నిండిపోతుంది. అప్పుడు కొత్త మెయిల్ లోపలికి రాదు, సైట్ కూడా మొరాయిస్తుంది. గంటకు ఇన్ని మెయిళ్లే బయటకు పోవాలన్న కట్టడి, ప్రాసెసర్ వాడకానికి ఇంకో కట్టడి, అన్నీ షరతుల పేజీలో ఉంటాయి. ఆ వంద రూపాయలు కూడా రెండుమూడేళ్లకు ఒకేసారి కడితే వచ్చే మొదటి ధర. కొనేముందు చూడాల్సింది రెన్యువల్ ధర. సైట్‌కూ చూసేవాడికీ మధ్య సమాచారం భద్రంగా పోయేలా చేసే ఎస్‌ఎస్‌ఎల్ సర్టిఫికెట్ పేరుతో ఏటా విడిగా డబ్బడిగితే ఇవ్వక్కర్లేదు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ ఉచితం, మామూలు షాపు సైటుకు అది చాలు.

"మెయిల్ ఐడీలు కావలసినన్ని." ఐడీ సృష్టించడం క్షణం పని. అందులోంచి పంపిన కొటేషన్ అవతలివాడి ఇన్‌బాక్స్‌కు చేరడమే అసలు సంగతి. చవక హోస్టింగ్‌లో ఒకే ఐపీ చిరునామా (ఇంటర్నెట్‌లో సర్వర్ నంబరు) మీద వందలాది సైట్లు ఉంటాయి. వాటిలో ఒకరి పాత వర్డ్‌ప్రెస్ సైట్‌లోకి ఎవడో దూరి స్పామ్ పంపాడంటే, ఆ ఐపీ స్పామ్‌హాస్ లాంటి, స్పామ్ పంపే సర్వర్ల జాబితాల్లోకి ఎక్కుతుంది. మీ తప్పేమీ లేకపోయినా మీ మెయిళ్లు స్పామ్‌లో పడతాయి. తిరిగొచ్చిన మెయిల్ అయితే కనీసం తెలుస్తుంది, స్పామ్‌లో పడిన సంగతి మీకు తెలిసే దారే లేదు.

2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ నియమాలు బిగించాయి. తమ యూజర్లకు మెయిల్ పంపే ప్రతి డొమైన్‌కూ ఎస్పీఎఫ్ (ఆ డొమైన్ మెయిల్ ఏయే సర్వర్లు పంపొచ్చో చెప్పే రికార్డు) గానీ డీకిమ్ (మెయిల్ మీద డిజిటల్ సంతకం) గానీ ఉండాలి. రోజుకు 5000 పైన పంపేవాళ్లకైతే ఆ రెండూ, డీమార్క్ (ఆ పరీక్షల్లో తప్పిన మెయిల్‌ను ఏం చేయాలో చెప్పే రికార్డు) కూడా తప్పనిసరి. మీరు రోజుకు యాభై పంపినా మూడూ పెట్టుకోండి. ఎక్కువమంది తప్పు చేసేది ఎస్పీఎఫ్ దగ్గర: హోస్టింగ్ వాళ్లు ఒక రికార్డు పెడతారు, మెయిల్ కంపెనీ చెప్పిందని ఇంకొకటి చేరుస్తారు. ఒక డొమైన్‌కు ఒకే ఎస్పీఎఫ్ రికార్డు ఉండాలి. రెండుంటే రెండూ చెల్లవు, కలిపి ఒకే లైనుగా రాయాలి. ఆ లైనులో డీఎన్‌ఎస్ (డొమైన్ రికార్డులుండే పట్టిక) వెతుకులాటలు పది దాటినా చెల్లదు. డీమార్క్‌ను మొదట "నన్" (ఏమీ చేయొద్దు) పాలసీతో పెట్టి, రెండుమూడు వారాలు రిపోర్టులు చూసి, అన్నీ సరిగా పోతున్నాయనుకున్నాక "క్వారంటైన్" (స్పామ్‌లో వేయి)కు, తర్వాత "రిజెక్ట్" (తిప్పికొట్టు)కు మార్చండి. పరీక్ష తేలిక: ఏదైనా సొంత జీమెయిల్‌కు ఒక మెయిల్ పంపి, మూడు చుక్కల మెనూలో "షో ఒరిజినల్" నొక్కితే మూడింటి ఎదురుగా "పాస్" అని కనబడాలి.

గుంటూరు నుంచి మిర్చి ఎగుమతి చేసేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. "మా బ్యాంకు ఖాతా మారింది, ఈ ఖాతాకు వేయండి" అంటూ మీ డొమైన్ పేరుతోనే బయ్యర్‌కు దొంగ మెయిల్ పోతే, డీమార్క్ "రిజెక్ట్" ఉన్నచోట అది అవతల మెయిల్ సర్వర్ దగ్గరే ఆగిపోయే అవకాశం ఎక్కువ. ఒక్క అక్షరం తేడాతో కొన్న పోలిక డొమైన్‌ను మాత్రం అది ఆపలేదు. అసలు మెయిల్ బాక్స్ పాస్‌వర్డే దొంగ చేతికి చిక్కితే ఈ రికార్డులేవీ పనికిరావు. అందుకే టూ-స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్ తర్వాత ఇంకో ధ్రువీకరణ అడగడం) లేని మెయిల్ సర్వీసును ఎగుమతి వ్యాపారానికి వాడకూడదు. ఖాతా మార్పు ఏదైనా ఫోన్‌లో చెప్పాకే నమ్మమని బయ్యర్‌కు ముందే రాసి పెట్టండి.

అందరూ డబ్బు కట్టి మెయిల్ కొనాల్సిందేనా? కాదు. ఆర్డర్లన్నీ ఫోన్‌లో, వాట్సాప్‌లో వచ్చే షాపుకు ఉచిత జీమెయిల్ సరిపోతుంది. 15 జీబీ జాగా మెయిల్‌కీ, డ్రైవ్‌కీ, ఫొటోలకీ కలిపి అని గుర్తుంచుకోండి. ఫోన్ ఫొటోలతో అది నిండితే మెయిల్ రావడం ఆగిపోతుంది. సొంత డొమైన్ మెయిల్ కావాలనుకున్నవాళ్లు కూడా పది బాక్సులు కొనక్కర్లేదు. జవాబులు రాసేవాళ్లు ఇద్దరే అయితే రెండు కొనండి. గూగుల్ వర్క్‌స్పేస్‌లో ఒక యూజర్‌కు 30 దాకా మారుపేర్లు ఉచితం, అంటే సేల్స్, అకౌంట్స్, ఇన్ఫో అన్నీ ఒకే బాక్సుకు వచ్చేలా పెట్టుకోవచ్చు. మైక్రోసాఫ్ట్ 365లో షేర్డ్ మెయిల్ బాక్స్ అదే పని చేస్తుంది.

"టాలీ ఫోల్డర్ సింక్ పెడితే బ్యాకప్ అయిపోయినట్టే." ఈ సలహాలో అన్నిటికంటే ప్రమాదకరమైన మాట ఇదే. సింక్ పని ఇక్కడున్నది అక్కడ అచ్చంగా ఉంచడం. ఇక్కడ ఫైలు చెరిగితే అక్కడా చెరుగుతుంది, ఇక్కడ రాన్సమ్‌వేర్ (ఫైళ్లను బందీ చేసి డబ్బడిగే వైరస్) తాళం వేస్తే తాళం వేసిన ఫైలే పైకి పోతుంది. గూగుల్ డ్రైవ్ ట్రాష్‌లో ఫైలు 30 రోజులే ఉంటుంది. ఏప్రిల్‌లో చెరిగిన ఫోల్డర్ సంగతి జులైలో ఆడిటర్ అడిగినప్పుడు బయటపడితే చేసేదేమీ ఉండదు.

టాలీతో ఇంకో చిక్కుంది. ఒక కంపెనీ డేటా అంటే ఫోల్డర్ నిండా ఒకదానితో ఒకటి ముడిపడిన ఫైళ్లు. వోచర్ ఎంట్రీ జరుగుతుండగా సింక్ ప్రోగ్రాం వాటిని ఒక్కోదాన్నీ ఒక్కో సమయంలో తీసుకుంటుంది. పైన చేరేది పొంతన లేని ముక్కలు. షాపులో ఒక కంప్యూటరూ ఇంట్లో ఇంకొకటీ అదే ఫోల్డర్‌ని సింక్ చేస్తే ఒకరి ఎంట్రీల మీద ఇంకొకరివి పడి డేటాయే పాడవుతుంది.

ఇలా చేయండి. టాలీ డేటా ఫోల్డర్‌ని సింక్ బయట ఉంచండి. రాత్రి షాపు మూసేముందు టాలీప్రైమ్‌లో ఆల్ట్, వై నొక్కి బ్యాకప్ తీసి, ఆ తేదీ పేరుతో వేరే ఫోల్డర్‌లో పెట్టండి. సింక్ చేయాల్సింది ఆ ఫోల్డర్‌ని. వారానికోసారి యూఎస్‌బీ హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసి, వైరు పీకి, ఇంటికి తీసుకెళ్లండి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగింది. కింది అంతస్తు షాపులో కంప్యూటర్ పక్కనే పెట్టిన హార్డ్ డిస్క్ అలాంటి రోజున ఎందుకూ పనికిరాదు. నెలకోసారి ఒక బ్యాకప్‌ను ఖాళీ ఫోల్డర్‌లోకి రీస్టోర్ చేసి ట్రయల్ బ్యాలెన్స్ సరిచూడండి. అసలు డేటా ఉన్న చోటికే రీస్టోర్ చేస్తే ఉన్న కంపెనీ మీద పాతది పడుతుంది, జాగ్రత్త. జీఎస్టీ చట్టం ప్రకారం లెక్కలు వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాలి కాబట్టి, ఏడాది ముగింపు బ్యాకప్‌లను చెరపకండి.

"కుర్రాడు చూసుకుంటాడు." సైట్ చూసుకోనివ్వండి, డొమైన్ మాత్రం మీ పేరు మీదే ఉండాలి. "ఫ్రీ డొమైన్" చాలా ప్లాన్లలో మొదటి ఏడాదికే. అది ఎవరి లాగిన్‌లో ఉంటే పెత్తనం వాళ్లదే. రిజిస్ట్రార్ (డొమైన్ అమ్మే కంపెనీ) ఖాతాకు అదే డొమైన్ మీదున్న మెయిల్ ఇవ్వకండి, గడువు దాటితే మెయిల్ ఆగిపోయి రెన్యువల్ హెచ్చరికలే మీకు అందవు. డాట్ కామ్ గడువు దాటి డిలీట్ అయ్యాక విడిపించుకోవడానికి 30 రోజులుంటాయి, అదీ పెద్ద జరిమానాతో. ఆ తర్వాత ఐదు రోజులకు ఎవరైనా కొనుక్కోవచ్చు. జీఎస్టీ పోర్టల్‌లో ఆడిటర్ మెయిల్, ఆయన ఫోన్ నంబరు ఉన్నవాళ్లు కూడా, లాగిన్ చేతిలో ఉండగానే నాన్-కోర్ అమెండ్‌మెంట్‌లో మీవి పెట్టించుకోండి. ఓటీపీలు వాటికే వస్తాయి.

ఇప్పటికే ఆ ప్యాకేజీ కొన్నవాళ్లు సైట్‌ని అక్కడే ఉంచి మెయిల్ ఒక్కటీ బయటకు తీసుకోవచ్చు. ఒకరోజు ముందు ఎంఎక్స్ రికార్డు (మెయిల్ ఏ సర్వర్‌కు రావాలో చెప్పేది) టీటీఎల్‌ను, అంటే ఇతర సర్వర్లు పాత రికార్డును గుర్తుంచుకునే సమయాన్ని, 300 సెకన్లకు తగ్గించండి. కొత్త చోట బాక్సులు తయారు చేసి, శనివారం రాత్రి ఎంఎక్స్ మార్చండి. హోస్టింగ్ కంట్రోల్ పేజీ అయిన సీప్యానెల్‌లో ఈమెయిల్ రూటింగ్‌ను "లోకల్" నుంచి "రిమోట్"కు మార్చడం మరిచిపోతే, మీ వెబ్‌సైట్ ఫారం నుంచి వచ్చే ఎంక్వైరీలు ఎవరూ తెరవని పాత బాక్సులో పడుతుంటాయి. ఐమ్యాప్ (సర్వర్‌లోని మెయిళ్లను చదివే పద్ధతి) ద్వారా పాత మెయిళ్లన్నీ కాపీ అయ్యాయని ఫోల్డర్ వారీగా సరిచూసి, పాత బాక్సులను ఇంకో నెల ఉంచి అప్పుడు తీసేయండి.