ఓటీపీ పుణెలో, పిల్ల కోస్గిలో

దసరా పోయింది. కోస్గి, మద్దూరు, నారాయణపేట బస్టాండ్లలో మళ్లీ ఆ వలస మూటలు కనిపిస్తున్నాయి. జొన్నల సంచి, గిన్నెల గంప, చుట్టిన చాప, వాటి మీద కూర్చున్న పిల్లలు. కూలీలను కుదిర్చే గుంపు మేస్త్రీ అడ్వాన్సు చేతిలో పెట్టిన రోజే ప్రయాణం ఖాయమైపోయింది. ఇక బొంబాయి బస్సో పుణె బస్సో రావడమే తరువాయి. తిరిగి ఊరు చూసేది ఉగాదికో, ఎండలు ముదిరాకో. ఈలోపు బడి హాజరుపట్టీలో ఆ పిల్లల పేర్ల ఎదురుగా గైర్హాజరు పడుతూ పోతుంది. కొన్నాళ్లకు 'డ్రాపౌట్' అని రాసేస్తారు. పాలమూరుకు, అంటే ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాకు, ఇదంతా అలవాటే. ఈ మధ్య మాత్రం తల్లిదండ్రుల నోట ఒక కొత్త మాట వినిపిస్తోంది: పిల్ల బడి మానలేదు, ఆన్‌లైన్‌లో చదువుతోంది.

ఆ మాట నమ్మాలని మాకూ ఉంది. నమ్మడానికి తగిన ఏర్పాట్లు కొన్ని నిజంగానే ఉన్నాయి. అవి ఎవరికి అందుతున్నాయి, ఎక్కడ తెగిపోతున్నాయి అన్నదే అసలు సంగతి.

ఇంటి దగ్గర ఉండి చదవడం తెలుగువాళ్లకు వింతేమీ కాదు. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాద్‌లోనే పుట్టింది. ఇప్పుడు డాక్టర్ బీఆర్ అంబేద్కర్ పేరుతో నడుస్తున్నది అదే. పొద్దంతా డ్యూటీ చేసి, ఆదివారం స్టడీ సెంటర్‌కు పోయి డిగ్రీ తెచ్చుకున్న గుమాస్తాలు, కండక్టర్లు నల్లగొండలోనూ మహబూబ్‌నగర్‌లోనూ వీధికొకరు ఉంటారు. బడి చదువుకు వస్తే, ఢిల్లీ పక్కన నోయిడా నుంచి నడిచే జాతీయ సార్వత్రిక విద్యాపీఠం (ఎన్ఐఓఎస్) 1989 నుంచి ఉంది. మన రాష్ట్రానికి తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీ ఉంది. పద్నాలుగేళ్లు నిండితే పదో తరగతికి కట్టొచ్చు. జాతీయ విద్యాపీఠంలో ఒకసారి పేరు నమోదైతే ఐదేళ్లలో తొమ్మిది సార్లు పరీక్ష రాసే వీలుంది. పాసైన సబ్జెక్టు పాసైనట్టే, తప్పినది మాత్రమే మళ్లీ రాసుకోవచ్చు. పదో తరగతిని తెలుగు మాధ్యమంలోనూ చదవొచ్చు. 2021లో అదే సంస్థ వర్చువల్ ఓపెన్ స్కూల్ పేరుతో ప్రత్యక్ష తరగతులు కూడా మొదలుపెట్టింది.

ఈ సర్టిఫికెట్ రెండో రకం అన్న చిన్నచూపు ఒకటి జనంలో పాతుకుపోయింది. అది తప్పు. గుర్తింపు ఉన్న ఓపెన్ బోర్డులో సైన్సు చదివిన పిల్లలు నీట్ రాయడానికి అర్హులేనని 2024లో సుప్రీంకోర్టు దాకా వెళ్లి తేలిపోయింది. డాక్టర్ చదువుకే అడ్డు రానిది కండక్టర్ ఉద్యోగానికో, అంగన్‌వాడీ పోస్టుకో అడ్డొస్తుందా?

ఈ చదువు అవసరమైనవాళ్లు మన జిల్లాల్లో ఎంతమంది ఉన్నారో చెప్పడానికి పెద్ద సర్వే అక్కర్లేదు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 55 శాతం. ఆడవాళ్లలో అది 45 శాతానికి కూడా చేరలేదు. పదిలో లెక్కలు తప్పి పుస్తకం మూసేసినవాళ్లు, ఇంటర్ మొదటి ఏడాదిలోనే పెళ్లయి అత్తారింటికి పోయినవాళ్లు, చందంపేట తండాల నుంచి దేవరకొండ దాకా రోజూ బస్సెక్కలేక ఆగిపోయినవాళ్లు ఉన్నారు. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి కాళ్లు వంకరపోయి, బడికి నడవలేక చదువు వదిలేసినవాళ్లూ ఉన్నారు. వాళ్లలో కొందరికి ఇప్పుడు నలభై దాటింది. వీళ్లకు పొద్దున తొమ్మిదింటి బెల్లు పనికిరాదు. రాత్రి పిల్లలు పడుకున్నాక ఒక గంట, వాన పడి పని లేని రోజు రెండు గంటలు, అర్థం కాకపోతే వెనక్కి తిప్పి వినే పాఠం కావాలి. మాస్టారిని మూడోసారి అడగడానికి మొహమాటం అడ్డొస్తుంది, ఫోనును అడగడానికి మొహమాటం ఏముంది? ఈ ఒక్క లాభం కోసమైనా ఆన్‌లైన్ బడిని మేం వెనకేసుకొస్తాం.

కానీ పాఠం దాకా పోవడానికి ముందే ఒక గడప ఉంది. దాని గురించి ప్రకటనల్లో ఎవరూ రాయరు.

కోస్గి దగ్గరి ఒక ఊళ్లో పదహారేళ్ల పిల్ల నాయనమ్మ దగ్గర ఉంటుంది. అమ్మానాన్నలు పుణెలో సెంట్రింగ్ పనిలో ఉన్నారు. పిల్ల ఓపెన్ టెన్త్ కట్టడానికి మీసేవకు పోయింది. ఫారం సగం నిండాక తెర మీద ఓటీపీ అడిగింది. ఆధార్‌కు జత అయిన నంబరు నాన్నది. నాన్న నాలుగో అంతస్తు స్లాబు మీద ఉన్నాడు, ఫోను కింద టిఫిన్ బాక్సు సంచిలో ఉంది. ఇక్కడ కుర్రాడు మూడుసార్లు పంపాడు, మూడుసార్లూ టైమ్ అయిపోయింది. లైనులో వెనక నిలబడ్డ రైతులు విసుక్కున్నారు. సాయంత్రం నాన్న తిరిగి ఫోను చేసి నంబరు చెప్పేసరికి మీసేవ షట్టర్ దించేశారు. మర్నాడు మళ్లీ పోతే కొత్త పేచీ మొదలైంది. ఆధార్‌లో ఇంటిపేరు ముందుంది, టీసీలో ఇంటిపేరే లేదు. సరిచేయించుకురమ్మన్నారు. ఆ తిరుగుళ్లలోనే మామూలు గడువు దాటిపోయింది.

ఆన్‌లైన్ చదువంటే అందరూ సిగ్నల్ గురించే మాట్లాడతారు. సిగ్నల్ సంగతి పెద్దదే, కాదనం. అమ్రాబాద్ అడవిలోని చెంచుల పెంటలకు (గూడేలకు) అది ఈరోజుకీ పెద్దదే. కానీ మైదానపు ఊళ్లలో చదువును ఎక్కువగా ఆపుతున్నది ఫోను ఎవరి జేబులో ఉందన్న ప్రశ్న. ఇంట్లో ఉన్నది ఒకటే మంచి ఫోను. అది సంపాదించేవాళ్లతో పొద్దున ఆరింటికి బయల్దేరి, రాత్రి ఎనిమిదింటికి ఐదు శాతం చార్జింగ్‌తో ఇంటికొస్తుంది. తమ్ముడు ఉంటే ముందు తమ్ముడి ఆట, తర్వాతే అక్క పాఠం. చాలా ఇళ్లలో ఇదీ వరస. గంట వీడియో చూస్తే, బొమ్మ నాణ్యతను బట్టి, 300 ఎంబీ నుంచి ఒక జీబీ దాకా ఖర్చవుతుంది. రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాకు మీద ఇద్దరు పిల్లలు చదవాలంటే మధ్యాహ్నానికే చక్రం తిరగడం మొదలవుతుంది. ఇరవై ఎనిమిదో రోజు రీచార్జి అయిపోతే పైసలు వచ్చేదాకా బడికి సెలవే.

ఇవన్నీ మనం ఒకసారి అనుభవించినవే. 2020 సెప్టెంబర్ 1న సర్కారు బడి పిల్లలకు దూరదర్శన్ యాదగిరి, టీశాట్ చానళ్లలో పాఠాలు మొదలయ్యాయి. తొమ్మిది, పది తరగతులు మళ్లీ బడి మొహం చూసింది 2021 ఫిబ్రవరిలో. టీవీ ఉన్న ఇంట్లో పాఠమైతే వచ్చింది. చెప్పింది అర్థమైందా అని అడిగేవాళ్లు మాత్రం లేకపోయారు. వర్క్‌షీట్లు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగిన టీచర్లున్న ఊళ్లకూ, అలాంటివాళ్లు లేని ఊళ్లకూ తేడా తర్వాతి ఏడాది తరగతిలో స్పష్టంగా కనిపించిందని పాత టీచర్లను ఎవరిని కదిపినా చెబుతారు. టీవీ రెండు చోట్లా ఒకటే, పాఠమూ ఒకటే.

కాబట్టి మేం గట్టిగా అడిగేది ఇది: ఆన్‌లైన్ బడికి ఊళ్లో ఒక గది, ఆ గదికి ఒక మనిషి ఉండాలి. పంచాయతీ భవనం కావచ్చు, సాయంత్రం తాళం పడే సర్కారు బడి గది కావచ్చు, మండల గ్రంథాలయం కావచ్చు. రెండు కంప్యూటర్లు, ఒక వైఫై, ఊళ్లోనే డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న ఒక అమ్మాయికి నెల జీతం చాలు. ఆమె పాఠం చెప్పక్కర్లేదు. ఫారం నింపడం, టీసీలో పేరు సరిచేయించడం, ఈ వారం ఎవరు రాలేదో ఇంటికి పోయి అడగడం, ఇవి చేస్తే చాలు. 2024 డిసెంబరులో టీ-ఫైబర్, అంటే సర్కారు ఇంటర్నెట్ తీగ పథకం, ప్రయోగాత్మకంగా మొదలైన కొన్ని ఊళ్లలో మన మద్దూరు ఒకటి. ఇంటింటికీ కేబుల్ టీవీ వస్తుందని అప్పట్లో చెప్పుకున్నారు. ఆ తీగకు ఇంతకన్నా మంచి పని ఇంకొకటి ఉందని మేం అనుకోవడం లేదు.

ఇక్కడే ఒక ప్రమాదం గురించీ చెప్పుకోవాలి. గద్వాల వైపు సీడ్ పత్తి చేలల్లో క్రాసింగ్ కాలం వచ్చిందంటే బడులు సగం ఖాళీ అవుతాయి. మొగ్గ విప్పి పుప్పొడి అద్దడానికి చిన్న వేళ్లే బాగుంటాయని, వంగకుండానే చెట్టు అందుతుందని పిల్లల్ని తీసుకుపోతారు. పన్నెండేళ్ల పిల్లాడు చేలో ఉంటే ఇన్నాళ్లూ అధికారులు వచ్చి అడిగే వీలుండేది. రేపు ఎవరైనా ఫోను చూపించి 'వీడు ఆన్‌లైన్‌లో చదువుతున్నాడు సార్' అంటే ఏం చేస్తారు? ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు బడి హక్కు అని 2009 చట్టం చెప్పింది. ఆ వయసు పిల్లలకు ఫోను పాఠం బడి పుస్తకానికి తోడు కావచ్చు, బడికి మారు కాకూడదు. వలస పిల్లల కోసం సీజనల్ హాస్టళ్లు ఉన్నది అందుకే. అమ్మానాన్నలు పోయినా పిల్లలు ఊళ్లోనే ఉండి, అదే బడిలో, అదే మధ్యాహ్న భోజనంతో చదువుకోవాలి. ఆన్‌లైన్ ఉందిగా అని ఆ హాస్టళ్ల తలుపులు ఆలస్యంగా తెరిస్తే, పదిమంది పిల్లలే ఉన్నారని తండా బడి మూసేస్తే, మేం ఒప్పుకోం.

ప్రైవేటు ఆన్‌లైన్ స్కూళ్ల ప్రకటనలు ఇప్పుడు పట్నంలోనే కాదు, మిర్యాలగూడలోనూ వనపర్తిలోనూ ఫోన్లలో కనిపిస్తున్నాయి. కొన్ని బాగానే చెబుతాయి. ఫీజు కట్టే ముందు తల్లిదండ్రులు అడగాల్సిన మొదటి మాట, చివరికి మార్కుల మెమో మీద ఏ బోర్డు పేరుంటుందని. ఆ స్కూలు పేరే ఉంటుందంటే ఇంకో మాట అక్కర్లేదు, లేచి రావచ్చు. ఓపెన్ బోర్డులో కట్టిస్తామంటే ఆ ఫీజు నేరుగా మీరే కట్టుకోవచ్చు, వాళ్లకిచ్చేది ట్యూషన్ డబ్బు మాత్రమేనని తెలుసుకోవాలి. సైన్సు తీసుకుంటే ప్రాక్టికల్స్ ఎక్కడ చేయిస్తారు, పరీక్షా కేంద్రం ఏ ఊళ్లో పడుతుంది, అమ్మాయిని అక్కడికి ఎవరు తీసుకుపోతారు అన్నవీ ముందే తేల్చుకోవాలి. ఇక 'మీరు పుస్తకం ముట్టక్కర్లేదు, పాస్ గ్యారంటీ' అంటూ ఓపెన్ పరీక్షల చుట్టూ తిరిగే దళారులు ఎప్పుడూ ఉంటారు. వాళ్ల వల్లే నిజాయితీగా చదివినవాళ్ల సర్టిఫికెట్ కూడా ఇంటర్వ్యూలో అనుమానంగా చూడబడుతోంది. పరీక్ష గదిలో కఠినంగా ఉండటమే ఈ చదువుకు చేయగల పెద్ద మేలు. కాపీకి వదిలేసిన ఇన్విజిలేటర్ జాలి చూపాననుకుంటాడు కానీ, రాత్రులు కూర్చుని చదివిన కోడలు పిల్ల మెమోను కూడా చిత్తు కాగితం చేస్తున్నాడు.

ఓపెన్ స్కూలు అధికారులు వెంటనే చేయగలిగిన చిన్న పని ఒకటుంది, దానికి పైసా ఖర్చు కాదు. దరఖాస్తులో రెండో ఫోను నంబరుకు చోటివ్వాలి. తండ్రి నంబరుతో పాటు నాయనమ్మదో, స్టడీ సెంటర్ కోఆర్డినేటర్‌దో ఉంటే, సందేశం రెంటికీ పోవాలి. నంబరు మార్చుకోవడానికి పిల్ల జిల్లా కేంద్రం దాకా రాకుండా స్టడీ సెంటర్‌లోనే తేలిపోవాలి.

కోస్గి పిల్ల చివరికి ఆలస్య రుసుముతో ఫీజు కట్టింది. నాయనమ్మ మేకపిల్లను అమ్మిన డబ్బులో నుంచి తీసిచ్చింది. పుస్తకాలు వచ్చాయి, ఆదివారం క్లాసులకు పోతోంది. పరీక్షలు ఏప్రిల్‌లో. హాల్ టికెట్ వచ్చిందన్న సందేశం మాత్రం ఇప్పటికీ పుణెలోని ఆ టిఫిన్ సంచిలో ఉన్న ఫోనుకే పోతుంది.