కూర్మారావు గారి డైటు

1936 ఏప్రిల్ 1న మా బరంపురాన్ని మద్రాసు నుంచి తీసి ఒడిశాలో కలిపారు. ఆ రోజున కూడా మా వీధిలో ఇప్పుడు జరుగుతున్నంత వాదన జరిగి ఉండదని నా నమ్మకం. సమస్య అలాంటిది మరి. మా ఇంటి తాబేలు డబ్బాలో అమ్మే పెల్లెట్లు, అంటే గుళికల దాణా తినాలా, గడ్డి తినాలా?

తాబేలు పేరు కూర్మారావు. విశాఖలో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడి కొడుకు తెచ్చాడు. మన నక్షత్ర తాబేలును ఇంట్లో పెంచితే 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద నేరం. కాబట్టి చట్టాన్ని గౌరవించే కుర్రాడు సహారా ఎడారి దక్షిణపు అంచున తిరిగే సల్కాటాను తెచ్చి, 2024 నిబంధనల ప్రకారం ఆన్‌లైన్‌లో రిజిస్టర్ కూడా చేయించాడు. మా ఇంటి పన్ను రసీదు ఈ రోజుకీ చనిపోయిన మా నాన్నగారి పేరు మీదే వస్తోంది. కూర్మారావుకి మాత్రం కాగితాలన్నీ పక్కా.

తెచ్చిన రోజున అరచేతిలో పట్టింది. ప్రపంచంలో ఇది మూడో పెద్ద నేల తాబేలు జాతి అనీ, పెరిగితే నలభై యాభై కిలోలు తూగుతుందనీ, డెబ్బై ఏళ్లు బతకగలదనీ వాడు నెమ్మదిగా, వాయిదాల పద్ధతిలో చెప్పాడు. నాకు అరవై మూడు. వీలునామాలో ఇల్లు ఎవరికని అడిగేవాళ్లు తగ్గిపోయారు, కూర్మారావు ఎవరికని అడిగితే మాత్రం అందరూ ఫోన్ చూసుకుంటున్నారు.

పెల్లెట్ పక్షానికి నాయకుడు మావాడే. వారానికోసారి వీడియో కాల్‌లో "పెద్దనాన్నా, డబ్బాలో ఉన్నది సైంటిఫిక్. కాల్షియం, డి3, అన్నీ లెక్క ప్రకారం ఉంటాయి" అంటాడు. అలా అంటున్నప్పుడు వాడి చేతిలో ఎప్పుడూ ఏదో ఒక ఆర్గానిక్ జావ గ్లాసు ఉంటుంది. ప్యాకెట్ తిండి తాను ముట్టడు. ఆకు పక్షానికి నాయకురాలు నా భార్య. "నోరు లేని జీవానికి డబ్బా తిండా?" అని కళ్లనీళ్లు పెట్టుకుంటుంది. ఆవిడ నాకు పెట్టే ఉప్మా ప్యాకెట్ కత్తిరించి వేడినీళ్లు పోసినది. నాకు నోరుంది కాబట్టి ఫరవాలేదు కాబోలు.

ఇవి కాక చిన్న పార్టీలున్నాయి. మా అక్కయ్యది భక్తి పక్షం. శ్రీకూర్మం గుళ్లో నక్షత్ర తాబేళ్లను చూసొచ్చినప్పటి నుంచి కూర్మారావుకి అరటిపండు, చక్కెర పొంగలి నైవేద్యం పెట్టాలని పట్టు. గడ్డి తినే తాబేలు పేగుల్లో పీచును పులియబెట్టే సూక్ష్మజీవులుంటాయి, తీపి పడితే వాటి కాపురం కూలుతుంది, విరేచనాలవుతాయి అని చెప్పాను. "దేవుడికి విరేచనాలేమిట్రా" అంది. పక్కింటి ఒడియా ఆయనది మధ్యేమార్గం. ఏటా మార్చి 20న పఖాళొ దినం చేసుకునే జాతి కదా, ఎండలు ముదిరాయి, కైంఛొకి, అంటే మన తాబేలుకి, కాస్త పఖాళొ పెట్టమని సలహా ఇచ్చాడు. చద్దన్నమంటే నాకూ ప్రాణమే, కానీ సహారా వాళ్లకు అలవాటుండదని సున్నితంగా తప్పించాను.

ఒకరోజు మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు కళ్లజోడు పెట్టుకుని ఆ డబ్బా లేబుల్ చదివాను. మూత తీస్తే పశువుల దాణా వాసన. సోయా పొట్టు, గోధుమ, ఆల్ఫాల్ఫా, ఖనిజాలు, విటమిన్లు. ఆల్ఫాల్ఫా అంటే ఏమిటో అని వెతికితే పాడి పశువులకి వేసే లూసర్న్ గడ్డి! అంటే గడ్డి కోసి, ఎండబెట్టి, పొడిచేసి, మరలో నొక్కి, బొమ్మ అంటించి అమ్ముతున్నారన్నమాట. ఈ సంగతి ఆకు పక్షానికి చేరవేస్తే ఇక మావాడి పని అయిపోయినట్టే అనుకున్నాను. కానీ ఆలోచిస్తే మనసొప్పలేదు. మినప్పిండి కలిపి, ఒత్తి, ఎండబెట్టి, కట్టలు కట్టి అప్పడాల పేరుతో దేశమంతా అమ్మే ఊరు మాది. బడాబజార్ వైపు ఏ డాబా మీదికెక్కినా చేటలూ చాపలూ కనిపిస్తాయి. ఎండబెట్టి నొక్కిన తిండిని తప్పుపట్టే నైతిక హక్కు బరంపురానికి ఎక్కడిది?

ఆకు పక్షం కూడా తక్కువదేం కాదు. తెల్లవారుజామున మా ఆవిడ కొడవలి, గోనెసంచి పట్టుకుని బయల్దేరుతుంది. గరిక, మందారాకు, గోపాల్‌పూర్ రోడ్డు పక్క నుంచి నాగజెముడు మట్టలు. ఆ మట్టల ముళ్లను స్టవ్ మంట మీద కాల్చి, గీకి, ముక్కలు చేసి పెడుతుంది. నేను అడిగితే మునక్కాడలు చీరి పెట్టని మనిషి. మొదట్లో మాత్రం రోజూ పాలకూరే. పాలకూరలో ఆక్సలేట్లుంటాయి, అవి కాల్షియాన్ని పట్టేసి ఒంటికి దక్కనివ్వవు, రోజూ అదే పెట్టకూడదు అని పశువుల డాక్టరు చెప్పాక ఒక నెల మా ఇంట్లో పాలకూర పేరెత్తలేదు. నాకు కిడ్నీలో రాయి వచ్చినప్పుడు నా డాక్టరు సరిగ్గా ఇదే మాట చెప్పాడు. ఆ వారంలో పాలకూర పప్పు మూడుసార్లు చేసింది.

మురిక్కాలువ పక్క గరిక వద్దనీ, మందు కొట్టిన చేను గట్టు మీది ఆకు వద్దనీ పశువుల డాక్టరే చెప్పాడు. ఊరు పెరిగి పెరిగి అలా కాని గట్టు ఎక్కడ మిగిలిందో మాత్రం చెప్పలేదు. ఎండాకాలం గడ్డి మాడిపోయినప్పుడు నానబెట్టిన పెల్లెట్లు నాలుగు వేస్తే తప్పులేదన్నాడు. ఈ మాట విని రెండు పక్షాలూ తామే గెలిచామని ప్రకటించుకున్నాయి.

అసలు గొడవ డిప్ప మీద. సల్కాటా పిల్లలకి డిప్ప నున్నగా పెరగాలి. కొన్నిటికి గుట్టలు గుట్టలుగా లేస్తుంది. పెల్లెట్లలో ప్రొటీన్ ఎక్కువై అలా అవుతుందని మా ఆవిడ, ఆకుల్లో కాల్షియం చాలక అవుతుందని మావాడు. 2003లో అచ్చయిన ఒక పరిశోధన సరిగ్గా సల్కాటా పిల్లల మీదే చేశారు. డిప్ప గుట్టలు కట్టడంలో ప్రొటీన్ పాత్ర స్వల్పం, గాలి పొడిగా ఉండటమే పెద్ద కారణమని తేలింది. అంటే తరాలుగా మేం తిట్టుకుంటున్న ఈ సముద్రపు ఉక్క, ఉతికిన బనీను రెండు రోజులైనా ఆరనివ్వని ఈ దిక్కుమాలిన గోపాల్‌పూర్ గాలి, నోరెత్తకుండా కూర్మారావు వీపు చక్కబెడుతోందన్నమాట! ఈ సంగతి ఇద్దరికీ చెప్పాను. ఇద్దరూ ఒక్కటై నన్ను కోప్పడ్డారు. ఆరు నెలల్లో వాళ్లిద్దరూ ఏకాభిప్రాయానికి వచ్చింది అప్పుడొక్కసారే.

మా జిల్లాలోనే రుషికుల్య మొగ దగ్గరికి ఆలివ్ రిడ్లీ సముద్ర తాబేళ్లు లక్షల్లో వచ్చి గుడ్లు పెట్టిపోతాయి. పీతలో, నత్తలో, జెల్లీఫిష్‌లో, దొరికింది తిని బతుకుతాయి. వాటికి పెద్దమ్మలూ లేరు, వీడియో కాల్సూ లేవు. అదృష్టవంతులు.

చివరికి డాక్టరు రాసిచ్చిన చార్టును మా ఆవిడ ఫ్రిజ్ తలుపుకి అంటించింది. పీచు ఎక్కువ. తీపి లేదు. ప్రొటీన్ మితం. భాస్వరం కంటే కాల్షియం కనీసం రెట్టింపు. పొద్దుటెండలో తిరగాలి. దాని పక్కనే షుగరు బయటపడినప్పుడు నాకిచ్చిన చార్టు ఉంది. మొన్న మా మనవడు రెండూ చదివి "తాతా, ఇందులో నీది ఏది?" అన్నాడు. చాలాసేపు చూశాను. పళ్లు తోముకోమన్న లైను ఉన్నది నాది.

గురువారం తెల్లవారకముందే లేచాను. కరెంటు లేదు. వంటింటి గట్టు మీద రెండు స్టీలు గిన్నెలు. ఒకదాంట్లో నా ఓట్సు నానుతూ ఉంటాయని తెలుసు. చేతికందింది తీసుకున్నాను, కాస్త మజ్జిగ పోశాను, ఇంటి ఆవకాయ ఒక బద్ద వేసుకున్నాను. కొత్త బ్రాండు కాబోలు, కాస్త గడ్డి వాసన వేసింది కానీ ఆవకాయతో దిగిపోయింది. అబద్ధమెందుకు, రెండోసారి కూడా పెట్టుకున్నాను.

తెల్లారాక మా ఆవిడ మిగిలిన గిన్నె తీసుకెళ్లి పెరట్లో పెట్టింది. కూర్మారావు మెడ చాచి నా ఓట్సు వాసన చూశాడు. ఒక్కసారి నావైపు చూసి, పక్కకి తిరిగి వెళ్లిపోయాడు.