"ఏదైనా మంచి సినిమా చెప్పండి" అంటే ముందు ఎవరికో అడగండయ్యా

పోయిన శుక్రవారం మా కజిన్స్ గ్రూపులో అక్క ఒక మెసేజ్ పెట్టింది. "ఏదైనా మంచి సినిమా చెప్పండ్రా, రేపు ఇంట్లో అందరం కూర్చుని చూస్తాం" అని. పావుగంట తిరిగేసరికి గ్రూపు సంతలా అయిపోయింది. ఒకడు కొరియా సీరియల్ కిల్లర్ సినిమా పేరు పెట్టాడు. ఇంకొకడు మలయాళం సినిమాలు ఆరు వరసగా దించాడు. మా చిన్న తమ్ముడైతే "అర్జున్ రెడ్డి చూడక్కా, మస్ట్ వాచ్" అన్నాడు. 2017లో 'ఏ' సర్టిఫికెట్‌తో వచ్చిన సినిమా అది. అక్క వాళ్ళింట్లో అందరూ అంటే ఎవరు? డెబ్బై దాటిన అత్తగారు, ఎనిమిదేళ్ళ పిల్లాడు, తొమ్మిది కొట్టగానే సోఫాలోనే గురక పెట్టే బావగారు.

ఒక్కరంటే ఒక్కరు "ఎవరెవరు చూస్తారక్కా?" అని అడగలేదు. గొప్పగా చెప్తున్నాను గానీ నేనూ అడగలేదు. నేను పెట్టిన సినిమా పేరు ఇక్కడ రాయను, సిగ్గుగా ఉంది.

అప్పట్నుంచీ ఇదే బుర్రలో తిరుగుతోంది. మనందరికీ సినిమాలంటే పిచ్చి, అందులో అనుమానం లేదు. కానీ సినిమా గురించి పక్కవాడికి చెప్పడం మాత్రం మర్చిపోయాం. ఇప్పుడు మనం చెప్పేది సినిమా కాదు, రిజల్టు. హిట్టు, ఫట్టు, యావరేజ్, అబవ్ యావరేజ్, వన్ టైమ్ వాచ్, ఫస్టాఫ్ ఓకే సెకండాఫ్ ల్యాగ్. ఇంతకీ సినిమాలో ఏముందిరా అంటే మళ్ళీ అవే మాటలు ఇంకాస్త గట్టిగా.

మా ఊళ్ళో పక్కింటి పిన్నిగారు ఉండేవారు. ఆవిడ టౌనుకెళ్ళి మ్యాట్నీ చూసొచ్చారంటే ఆ రాత్రి మా అరుగు మీద జాతరే. "సినిమా చెప్పండి పిన్నిగారూ" అని చుట్టూ చేరేవాళ్ళం. రెండున్నర గంటల సినిమాని మూడు గంటలు చెప్పేవారు. పాటొచ్చిన చోట పాట, ఫైటొచ్చిన చోట "ఇహ కొట్టుకుంటారు లేవే, అది వదిలెయ్" అని ఒక్క ముక్కలో తేల్చేయడం. క్లైమాక్సుతో సహా చెప్పేసేవారు. ఇప్పటి లెక్కలో పచ్చి స్పాయిలర్. అయినా మర్నాడు మా అమ్మ టికెట్టు డబ్బులు చీర కొంగుకి ముడేసుకుని బయల్దేరేది. ఆవిడ మా అమ్మకి చెప్పేటప్పుడు ఒకలా, మా నాయనమ్మకి చెప్పేటప్పుడు ఒకలా చెప్పేవారు. అమ్మకైతే హీరోయిన్ చీరలు, అత్తాకోడళ్ళ గొడవ. నాయనమ్మకైతే దేవుడి పాట, చచ్చిపోయే తండ్రి. సినిమా అదే. ఆవిడ ఎప్పుడూ ఎవరికీ రేటింగ్ ఇవ్వలేదు.

రేటింగ్ అంటే గుర్తొచ్చింది, రివ్యూల్లో ఐదుకి వేసే ఆ 2.75 ఏంటసలు? రెండున్నరకీ మూడుకీ మధ్య ఆ పావు మార్కు దేనికేశారు? కెమెరాకా? ఇంటర్వెల్లో సమోసా బాగుందనా?

సరే, అసలు విషయానికొస్తా. ఈ రిజల్టు గోల ఎక్కడ మొదలైందో ఊహించడం కష్టం కాదు. అప్పట్లో పేపర్లో 50 రోజులు, 100 రోజుల ప్రకటనలు పడేవి, కింద సెంటర్ల పేర్లు బారుగా. మన ఊరి థియేటర్ పేరుందా లేదా అని వెతుక్కునేవాళ్ళం. సినిమా అన్ని రోజులు ఆడాలంటే జనం జనానికి చెప్పుకోవాలి. ఇప్పుడు పెద్ద సినిమా ఒకేసారి వేల స్క్రీన్లలో పడుతుంది, డబ్బంతా మొదటి మూడు నాలుగు రోజుల్లోనే రావాలి. అమెరికాలో గురువారం సాయంత్రం ప్రీమియర్ పడితే మనకప్పుడు శుక్రవారం తెల్లవారుజాము. ఇక్కడ మనం పళ్ళు తోముకునేలోపు డల్లాస్ నుంచి టాక్ దిగిపోతుంది. తీరిగ్గా చూసి, ఇంటికొచ్చి, అన్నం తిని, అరుగు మీద కూర్చుని చెప్పేవాళ్ళకి ఈ పందెంలో చోటెక్కడిది?

1980లో శంకరాభరణం వచ్చినప్పుడు మొదట్లో హాళ్ళు ఖాళీగా ఉండేవని, చూసినవాళ్ళు చెప్పగా చెప్పగా నిండాయని మా నాన్న తరం వాళ్ళు ఇప్పటికీ చెప్తారు. నమ్మబుద్ధవుతుంది. హీరో అంటే డిప్యూటీ కలెక్టర్ ఉద్యోగం చేస్తున్న సోమయాజులుగారు, నెరిసిన జుట్టు, పాటలన్నీ శాస్త్రీయ బాణీలు. ఆ సినిమా ఈరోజు రిలీజైతే ఉదయం ఆటకే "క్లాస్ మూవీ, చిన్న ఊళ్ళ బీ, సీ సెంటర్లలో కష్టం" అని రాసేసి చాప చుట్టించేవాళ్ళం. మనమే. ఇంకెవరో కాదు.

ఇక్కడ నా తప్పొకటి ఒప్పుకోవాలి. 2010 అక్టోబర్‌లో ఖలేజా చూసి బయటికొచ్చి నేను తిట్టిన తిట్లు ఇంకా గుర్తున్నాయి. మహేష్ బాబు సినిమా వచ్చి మూడేళ్ళయింది. పైగా ఆయనతో 'అతడు' సినిమా తీసిన త్రివిక్రమే మళ్ళీ తీశాడు. లోపలికి వెళ్ళేటప్పుడు నా బుర్రలో ఒక సినిమా ఆడుతోంది, తెరమీద ఇంకోటి ఆడింది. రాజస్థాన్ ఎడారి, దేవుడు, ఊరిని కాపాడటం... ఏంట్రా ఇది అనుకున్నా. హాస్టల్‌కి వచ్చి పది మందికి "పోవద్దు" అని చెప్పాను. పది మందీ పోలేదు. తర్వాత టీవీలో ఒక ఆదివారం మధ్యాహ్నం, కంచంలో పప్పన్నం కలుపుకుంటూ, ఏ ఆశా లేకుండా చూశాను. ముద్ద నోట్లో పెట్టుకోవడం మర్చిపోయి నవ్వాను. సినిమాలో ఒక్క ఫ్రేము మారలేదు. మారింది నేను కూర్చున్న చోటు.

2025లో అదే సినిమా రీరిలీజైతే జనం ఎగబడ్డారు. బయటికొచ్చిన ప్రతివాడూ "నాకు అప్పుడే నచ్చింది బ్రో" అంటాడు. మరి ఆ రోజు ఫ్లాప్ చేసిందెవరు, పక్క రాష్ట్రం వాళ్ళా? ఆరెంజ్‌దీ ఇదే కథ. 2010 నవంబర్‌లో వచ్చింది, పోయింది. పాటలు మాత్రం ఫోన్లలో బతికాయి. 2023లో మళ్ళీ వేస్తే థియేటర్ మొత్తం కలిసి పాడింది. ఇప్పుడు దాన్ని "అండర్‌రేటెడ్" అంటున్నాం. అండర్‌రేట్ చేసిన చేతులే ఇవి.

అందుకే ఎవరైనా "ఈ సినిమా చెత్త" అని ఒక్కమాటలో కొట్టిపారేస్తే ఇప్పుడు నాకు ఒకటే అడగాలనిపిస్తుంది. ఏం ఆశించి వెళ్ళావు బాబూ? ఏ మూడ్‌లో ఉన్నావు? పక్కన ఎవరున్నారు? ఇవి చెప్తే నీ అభిప్రాయం నాకు పనికొస్తుంది. చెప్పకపోతే అది నీ శుక్రవారం ఎలా గడిచిందన్న సమాచారం మాత్రమే.

ఇక బలగం సంగతి. ఇది రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను.

2023 మార్చిలో వచ్చింది కదా. చూడగానే నాకు పూనకం. కనిపించినవాడికల్లా చెప్పాను. తెలంగాణ పల్లెల్లో తెరలు కట్టి ఊరంతా కూర్చుని చూస్తున్న రోజులవి. కాలేజీలో నాతో చదివిన స్నేహితుడికి మెసేజ్ పెట్టాను. "బలగం చూడరా, సూపర్, మొదటి అరగంట పడి పడి నవ్వుతావు" అని. అబద్ధం కాదు. తాత పోయాడన్న బాధ కన్నా తన నిశ్చితార్థం ఏమవుతుందో, అప్పులెలా తీరతాయో అని కొట్టుకుపోయే మనవడిని చూస్తే నవ్వు రాకుండా ఎలా ఉంటుంది?

కానీ వాడి నాన్న పోయి అప్పటికి నెల కూడా కాలేదు. నాకు తెలుసు. పెద్దకర్మకి వెళ్ళొచ్చినవాణ్ణే. మెసేజ్ పెట్టేటప్పుడు ఒక్క క్షణం కూడా అది తట్టలేదు. నా బుర్రలో ఉన్నది సినిమా ఒక్కటే, వాడు లేడు.

రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు. "పిట్ట ముట్టకపోవడం దాకా చూశాన్రా" అన్నాడు. వాళ్ళ నాన్నకి కూడా మూడో రోజు కాకి చాలాసేపు రాలేదట. అన్నదమ్ములిద్దరూ పెట్టిన మెతుకుల వైపు చూస్తూ, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా నిలబడ్డారట. ఆ మాట ఎవరికీ చెప్పలేదట అప్పటిదాకా. నాకేం మాట్లాడాలో తెలీలేదు. "సారీరా" అన్నాను. "సినిమా బానే ఉందిలే, ముందు ఒక్క మాట చెప్పాల్సింది" అన్నాడు. మిగతా సగం వాడు ఇప్పటికీ చూడలేదు. నేను అడగలేదు కూడా.

ఆ "ముందు ఒక్క మాట" ఉందే, అదే నేను ఇందాకట్నుంచీ పట్టుకు వేలాడుతున్నది. స్పాయిలర్ చెప్తే చంపేస్తాం అంటాం గానీ, ఎదుటివాడికి అవసరమైన ఆ ఒక్క మాట చెప్పడం మనకి రాదు. చావు ఉంది చూసుకో, పిల్లలతో చూడకు, మొదటి ఇరవై నిమిషాలు ఓపిక పట్టు, ఒంటరిగా ఉన్నప్పుడు చూడు. దానికి కథ చెప్పక్కర్లేదు.

కేరాఫ్ కంచరపాలెం నాకు చెప్పింది మా ఆఫీసులో ఒక పెద్దాయన. 2018లో. కొత్త డైరెక్టరని గానీ, విశాఖపట్నంలో ఆ పేట మనుషులే నటించారని గానీ ఏమీ చెప్పలేదు. "నువ్వు మధ్యలో ఫోన్ చూసే రకానివి కదా, ఈ సినిమాకి మాత్రం చివరి పది నిమిషాలు ఫోన్ పక్కన పెట్టు" అన్నారు. అంతే. నన్ను చదివి చెప్పిన మాట అది. చూసినవాళ్ళకి తెలుసు ఆ పది నిమిషాలేంటో. చూడనివాళ్ళకి నేనూ అంతకన్నా చెప్పను.

ఇంకోటి, మా అమ్మ చెప్పింది. 2019 జూన్‌లో ఒకే శుక్రవారం ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ, మల్లేశం రెండూ వచ్చాయి. కుర్రాళ్ళం అందరం ఆ నెల్లూరు డిటెక్టివ్ వెంట పడ్డాం, తప్పేం కాదు, బాగుంటుంది. అమ్మ తర్వాతెప్పుడో ఇంట్లో మల్లేశం చూసింది. ఆసు పోయలేక, అంటే నేతకి ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పీ తిప్పీ, తల్లి భుజాలు పడిపోతుంటే చూడలేక యంత్రం కనిపెట్టిన చింతకింది మల్లేశం కథ. ఒక్క చీరకి తొమ్మిది వేల సార్లు చెయ్యి అటూ ఇటూ ఆడించాలట. మా వీధిలో జాకెట్లు కుట్టే ఆవిడ ఉంది, కుడి భుజం నొప్పితో ఏళ్ళ తరబడి బాధపడుతోంది. అమ్మ వెళ్ళి ఆవిడతో చెప్పింది: "ఇందులో నీ భుజం ఉందమ్మా, చూడు."

ఇన్నేళ్ళలో నేను చదివిన ఏ రివ్యూ దీని ముందు నిలబడదు. ఆవిడ చూసిందా అంటారా? చూసింది. "నా కొడుక్కి చూపించాను" అంది. ఆ కొడుకు ఏ యంత్రమూ కనిపెట్టలేదు గానీ, మిషన్‌కి మోటారు పెట్టించాడు.

ఫ్యాన్స్ గురించి కూడా రాయాలనుకున్నాను గానీ ఓపిక లేదు. నచ్చలేదు అంటే "నువ్వు ఆ హీరో యాంటీ", నచ్చింది అంటే "ఎంతిచ్చారు". షేర్ ఎంత, గ్రాస్ ఎంత, బ్రేక్ ఈవెన్ అయిందా అని కొట్టుకునేవాళ్ళలో ఒక్కడికైనా ఆ డబ్బులో రూపాయి వాటా ఉందా? నిర్మాత లెక్కలు నిర్మాత చూసుకుంటాడు, నీకు సినిమాలో ఏ సీను పట్టుకుందో చెప్పు నాయనా. మీరు కింద ఏం కామెంట్లు పెడతారో తెలుసు, కానివ్వండి.

అక్క దగ్గరికొస్తాను. మర్నాడు పొద్దున ఫోన్ చేసి, సిగ్గు పక్కన పెట్టి, అన్నీ అడిగాను. అత్తగారికి ఏం ఇష్టం, పిల్లాడు సబ్‌టైటిల్స్ చదువుతాడా, బావగారు ఎన్నింటికి పడుకుంటారు, ఈ మధ్య ఇంట్లో ఏమైనా బాధలున్నాయా. "సినిమా చెప్పమంటే సంబంధం చూసేలా అడుగుతున్నావేంట్రా" అని నవ్వింది. బాగా ఆలోచించి రంగుల మాయాబజార్ పెట్టమన్నాను. "కొంచెం పొడుగే అక్కా. ఘటోత్కచుడు వచ్చేదాకా పిల్లాడు విసుక్కుంటాడు, అప్పటిదాకా జంతికలు చేతిలో పెట్టు" అని కూడా చెప్పాను.

ఆదివారం రాత్రి మెసేజ్ వచ్చింది. అత్తగారు "ఎన్నిసార్లు చూస్తామమ్మా ఇదే" అని పాతిక నిమిషాలకే లేచి పడుకున్నారట. బావగారు మాత్రం పదకొండు దాకా మేలుకునే ఉన్నారట. పిల్లాడు ఆ భోజనం పాట నాలుగుసార్లు వెనక్కి తిప్పించుకున్నాడట. ఇప్పుడు లడ్డూ పళ్ళెం ముందు నోరు తెరుచుకు కూర్చున్నాడు, చేత్తో తీసుకోరా అంటే వినట్లేదు, ఏం చెయ్యమంటావు అని అడిగింది.