నంబర్ పెరిగితే స్థాయి పెరిగినట్టేనా?
సాక్సాఫోన్, క్లారినెట్ నేర్చుకునేవాళ్లు 2 నంబర్ రీడ్‌తో మొదలుపెట్టి, చెయ్యి తిరిగేకొద్దీ 3, 3.5కి వెళ్లాలని ఒక వ్యాసంలో రాశారు. రీడ్ అంటే ఊదినప్పుడు కంపించి స్వరం పలికించే పల్చటి బద్ద, నంబర్ పెరిగేకొద్దీ గట్టిగా ఉంటుంది. మొదటి సగం సరే, రెండోదే ఒప్పుకోలేను. రీడ్ నంబర్ మౌత్‌పీస్‌ను, అంటే రీడ్ బిగించి నోట్లో పెట్టుకుని ఊదే భాగాన్ని బట్టి ఎంచుకోవాలి, వాయించేవాడి సీనియారిటీని బట్టి కాదు. మౌత్‌పీస్ మొన దగ్గర సందు వెడల్పుగా ఉంటే 2.5 చాలు, దానికి 3.5 బిగిస్తే స్వరం కంటే గాలి చప్పుడే ఎక్కువ వినిపిస్తుంది, కింది పెదవి పుండవుతుంది. సందు ఇరుకుగా ఉండే క్లారినెట్ మౌత్‌పీస్‌కు మరీ మెత్తని రీడ్ పెడితే పై స్థాయిలో నొక్కుకుపోయి పలకదు. పైగా అన్ని కంపెనీల నంబర్లూ ఒకటి కావు. వాండోరెన్ నీలం పెట్టెలో 3, రికో నారింజ పెట్టెలో 3 కంటే గట్టిగా ఉంటుంది. నేను ఆల్టో సాక్సాఫోన్ మీద కర్ణాటక కీర్తనలు వాయిస్తాను. గమకం సాగాలంటే పెదవి ఒత్తిడికి రీడ్ లొంగాలి, అందుకే 2.5 దాటను. జాజ్ వాయించే మా ఫ్రెండ్ అది చూసి నవ్వుతాడు, నవ్వనీండి. ఇంకోటి, ఒకే పెట్టెలోని పది రీడ్లూ ఒకేలా పలకవు. ఎంతైనా గడ్డిజాతి మొక్క కాడ కదా! వెలుతురుకి ఎత్తి చూసి, మధ్యలో ఉండే నీడ రెండువైపులా సమంగా కనిపించేవాటినే కచేరీకి తీసి పెట్టుకుంటాను.