మా కారు అద్దానికి అంటుకొని ఉన్న డ్యాష్‌క్యామ్ గారికి

మహారాజశ్రీ డ్యాష్‌క్యామ్ గారి సముఖమునకు,

దారిని వీడియో తీసే కెమెరాగా తమరు మా కారు ముందు అద్దానికి అంటుకొని నేటికి నాలుగు రోజులైంది. ఉత్తరం రాసేటప్పుడు క్షేమ సమాచారాలు అడగడం మర్యాద కనుక అడుగుతున్నాను. మా క్షేమం సంగతి మాత్రం తమరికి వేరే చెప్పనక్కరలేదు. మొన్న తెల్లవారుజామున మా వీధిలో జరిగినదంతా తమరి మెమరీ కార్డులోనే, తనంతట తాను చెరిగిపోకుండా, భద్రంగా ఉంది.

తమరిని ఏరికోరి తెచ్చుకొన్నది నేనే. ఒక పక్క కాలువ, మరో పక్క బోదె, కోతల రోజుల్లో సగం రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం, మిగిలిన సగంలో నీళ్ళు కార్చుకుంటూ ఎదురొచ్చే రొయ్యల లారీ ఉండే గట్టు దారుల్లో బండి నడిపేవాడికి సాక్షి ఒకరు కావాలి. మా ప్రాంతంలో రెండు బండ్లు రాసుకుంటే ఎవరి గొంతు పెద్దదైతే న్యాయం వారిదే. నాది చిన్న గొంతు. అందుకని నోరులేని సాక్షినైనా పెట్టుకుందామని గురువారం ఉదయం పది గంటలకు అమలాపురంలో ఒక కార్ల అలంకరణ దుకాణానికి వెళ్ళాను.

“ఆయ్, గంట పనండి. మీరలా టీ తాగొచ్చేలోపు అయిపోద్దండి” అన్నారు దుకాణదారు.

నేను ఆ రోజు ఐదు టీలు తాగాను. వైరింగు చేసే కుర్రవాడు ఎక్కడున్నాడో కనుక్కోవడానికే మొదటి గంట సరిపోయింది. తరువాత అతను వచ్చి, అద్దం పక్కనున్న స్తంభం మీది ప్లాస్టిక్ కవరును ఒక్క గుంజు గుంజేసరికి లోపలి క్లిప్పు విరిగింది. ఇప్పుడు ప్రతి గుంతలోనూ అది “టిక్కు” మంటూ తమరి రాకను గుర్తుచేస్తోంది. ఆ కవరు వెనుక మడతపెట్టిన ఎయిర్‌బ్యాగు ఉంటుందనీ, దానికి అడ్డంగా కాకుండా వెనుక నుంచి తీగ లాగాలనీ నేను ఎక్కడో చదివిన జ్ఞానాన్ని ప్రదర్శించగా, “అది తెరుచుకోకూడదనే కదండీ మనం కోరుకోవాలి” అన్నాడు. ఆ మాటకు ఎదురు చెప్పడం అపశకునమేమోనన్న సందేహం ఒక్క క్షణం కలిగినా, పట్టుబట్టి వెనుక నుంచే లాగించాను. వెనుక కెమెరా తీగ పైకప్పు అస్తరు లోపల దారి తప్పింది. దానిని వెతికి డిక్కీ రబ్బరు గొట్టంలోంచి బయటికి తీసేసరికి భోజనాల వేళ దాటిపోయింది. ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చున్న నేను సాయంత్రం ఐదు గంటలకు లేచాను.

ఇదంతా మన్నించాను. మన్నించలేనిది ఎర్ర తీగ.

తమరి వెంట వచ్చిన వైరింగు కిట్టులో మూడు తీగలున్నాయి. నల్లది బాడీకి బిగించాలి. పసుపుపచ్చనిది బండి ఆగి ఉన్నా కరెంటు వచ్చే ఫ్యూజుకు, ఎర్రది తాళం తిప్పితేనే కరెంటు వచ్చే ఫ్యూజుకు కలపాలి. ఎర్ర తీగలో కరెంటు ఉంటే బండి మేలుకొని ఉందని, లేకపోతే నిద్రపోయిందని తమరికి తెలుస్తుంది. నిద్రపోయిందని తెలిస్తేనే తమరు పార్కింగు కాపలాకు మారి, పొదుపుగా కరెంటు వాడుకుంటారు. ఆ కుర్రవాడు పసుపు తీగను, ఎర్ర తీగను కలిపి మెలిపెట్టి, రెండింటినీ నిత్యం కరెంటుండే ఒకే ఫ్యూజులో గుచ్చాడు. “రెండూ కరెంటేగా సార్” అన్నాడు. ఐదు టీల తరువాత మనిషికి వాదించే ఓపిక ఉండదు.

అంతటితో ఆగలేదు. బ్యాటరీ మరీ దిగిపోకుండా తమరిని ఆపివేసే మీట ఒకటి ఆ కిట్టు మీద ఉంది. 12.4, 12.0, 11.6 అని మూడు గుర్తులు. నిండుగా ఉన్న బ్యాటరీ, బండి ఆగి ఉన్నప్పుడు, దాదాపు 12.6 వోల్టులు చూపుతుంది. పన్నెండుకు దిగేసరికి పావు వంతు మిగులుతుంది. 11.6 దగ్గర మిగిలేది అడుగున మడ్డి మాత్రమే. కుర్రవాడు మీటను ఆ మడ్డి దగ్గరే పెట్టి, “ఎక్కువసేపు రికార్డవుద్దండి” అని నాకేదో ఉపకారం చేసినట్లు నవ్వాడు. మా బ్యాటరీకి నాలుగేళ్ళు నిండాయి. దాని వయసు ఎవరూ అడగలేదు.

గురువారం రాత్రి, శుక్రవారం పగలు, శుక్రవారం రాత్రి బండి గుమ్మం ముందే ఉంది. అది కాలువ గట్టు మీద పరుగెత్తుతోందన్న నమ్మకంతో తమరు క్షణం కన్నార్పకుండా మా కొబ్బరిచెట్టును చిత్రీకరించారు. మూడేసి నిమిషాల ముక్కలుగా, పాతవి చెరుపుకుంటూ కొత్తవి రాసుకుంటూ, ఒక చెట్టు మీద అంతటి నిఘా ఏ నేరస్థుడి మీదా పెట్టి ఉండరు. నేను ఆ వీడియోలు కొన్ని చూశాను. చెట్టు ఏ నేరమూ చేయలేదు.

మా మావయ్యగారిని రాజమండ్రిలో రైలెక్కించడానికి శనివారం తెల్లవారుజామున నాలుగు గంటలకు బయలుదేరాం. తాళం తిప్పితే “టకటకటక” అంది. మళ్ళీ తిప్పితే “టక్” అంది. మూడోసారి ఆ మాటా లేదు. డెబ్బై ఒక్కేళ్ళ మావయ్యగారు పంచె ఎగగట్టారు. పాలు పోసే ఆయన క్యాన్లు దించి వచ్చారు. ఎదురింటి బావగారిని నిద్రలేపాం. ముగ్గురూ తోస్తుంటే నేను సెకండు గేరులో క్లచ్చు వదిలాను. రెండుసార్లు కుదిపి, మూడోసారి ఇంజను అందుకుంది. అప్పుడు లేచారు తమరు. స్వాగత సంగీతం వినిపించారు. ఎదురుగా రేవు మెట్లు కనిపించేసరికి నేను బ్రేకు తొక్కాను. తమరు ఆ కుదుపును ఘోర ప్రమాదంగా భావించి, ఆ మూడు నిమిషాలను తనంతట తాను చెరిగిపోని ఫైలుగా తాళం వేసి దాచారు. వెనుక కెమెరాలో ముగ్గురు పెద్దమనుషులు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకొని రొప్పుతున్నారు. కిటికీలు తెరిచి ఉండటం వల్ల మావయ్యగారు నా తెలివితేటల గురించి బావగారికి చెప్పిన నాలుగు మాటలూ స్పష్టంగా వినిపిస్తున్నాయి. కరెంటు పోయి తమరి గడియారం మొదటికి రావడంతో దాని మీద తేదీ మాత్రం 2019 జనవరి 1. కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షను ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుకు ధ్రువపత్రం జతచేయాలట. ఏళ్ళ కిందటి తేదీ చెప్పే సాక్షికి నేనేమని ధ్రువపత్రం ఇవ్వను?

రావులపాలెం వంతెన దాటేసరికే తెల్లవారింది. రైలు తప్పిపోయింది. అమలాపురం మీదుగా పోవలసిన కోటిపల్లి–నరసాపురం రైలు మార్గం 2000–01లోనే మంజూరైందనీ, అది పూర్తయి ఉంటే ఈ అవస్థ ఉండేది కాదనీ మావయ్యగారు తిరుగు దారి పొడవునా చెబుతూనే ఉన్నారు. ఆయన దృష్టిలో అదీ గంట పనే.

ఇక మర్యాద చాలు. ఏమయ్యా, కారుకు కాపలా కాయమని నిన్ను తెస్తే, కారు ప్రాణమే పీల్చేస్తావా? ఇంటి కుక్క కూడా అన్నం పెట్టిన చేతిని గుర్తుపెట్టుకుంటుంది. నీకు దారిలో ప్రతి గుంతా ప్రమాదమే, కొబ్బరిచెట్టు అనుమానితురాలే, ఆగి ఉన్న బండి పరుగెత్తే బండే! తప్పు నీది కాదు, ఎర్ర తీగది అంటావేమో. తీగ చెప్పిందల్లా నమ్మేవాడిని సాక్షి అనరు. ఇంటికి రాగానే నీ ఫ్యూజు పీకి డ్యాష్‌బోర్డు అరలో పడేశాను. నిన్ను అద్దం మీద నుంచి కూడా పీకేవాణ్ణే. ఆ జిగురు వదల్లేదు.

వదలకపోవడమే మంచిదైంది. నిన్న కొత్తపేట సంతలో, అడ్డదారిన వచ్చిన మోటారుసైకిలు ఒకటి మా కారు పక్క అద్దాన్ని రాసుకుపోయింది. నడిపేవాడు దిగుతూనే గొంతు ఎత్తాడు. నలుగురు చేరారు. నాకు మామూలుగానే మాట పెగల్లేదు. అంతలో అతని చూపు నీ నల్లటి కంటి మీద పడింది. గొంతు దిగింది. “పోనీండి, చూసుకోలేదండి” అని అద్దం తానే సర్ది వెళ్ళిపోయాడు. నీ ఒంట్లో అప్పుడు చుక్క కరెంటు లేదన్న సంగతి నీకూ నాకూ మాత్రమే తెలుసు.

ఎర్ర తీగ మార్పించడానికి ఇందాక దుకాణానికి ఫోను చేశాను. గురువారం రమ్మన్నారు. గంట పనేనట.

ఇట్లు,
తమరి యజమాని