నకిలీ బ్యాంకులను బతకనివ్వరా?

ఒక కుటీర పరిశ్రమ కళ్లముందే కుదేలవుతుంటే ధర్నాకు కూర్చునే నాయకుడు ఒక్కడూ లేడు. నకిలీ బ్యాంకు వెబ్‌సైట్ల గురించే నా ఆవేదన. పెట్టుబడి ఎంతని? అసలు బ్యాంకు లాగిన్ పేజీని లోగోతో సహా దింపుకోవాలి, చవకలో ఒక డొమైన్ (వెబ్ చిరునామా) కొనుక్కోవాలి, చిరునామా పక్కన తాళం బొమ్మ తెచ్చిపెట్టే సర్టిఫికెట్ ఊరికే దొరుకుతుంది, అది తగిలించాలి. తాళం బొమ్మ కనబడగానే జనం నిశ్చింతగా పాస్‌వర్డ్ కొట్టేవారు. దారిలో ఎవరూ తొంగిచూడట్లేదనే ఆ తాళం చెబుతుంది. దారి దొంగ ఇంటికే పోతోందని చెప్పదు. క్రోమ్ బ్రౌజర్ వాళ్లు 2023లో ఆ బొమ్మను కాస్తా పీకేశారు.

సేవలో ఏమైనా లోటుందా? అసలు బ్యాంకులో లంచ్ తర్వాత రమ్మంటారు, ఇక్కడ అర్ధరాత్రి కూడా కేవైసీ చేస్తారు. ఏటీఎం పిన్ను, సీవీవీ, పుట్టినతేదీ అన్నీ ఒకే ఫారంలో. మీరు ఓటీపీ కొట్టగానే అవతలివాడు దాన్ని అసలు సైటులో కొట్టాలి. గడువు కొద్ది నిమిషాలే కాబట్టి పాపం టీ తాగే తీరిక కూడా ఉండదు. అంతసేపూ మీ తెర మీద ‘దయచేసి వేచి ఉండండి’ అంటూ చక్రం తిరుగుతుంటుంది. ఎంత మర్యాద!

ఇంతలో రిజర్వు బ్యాంకు అడ్డుపుల్ల వేసింది. 2025 అక్టోబర్ 31లోగా బ్యాంకులన్నీ ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’ చిరునామాకు మారాలంది. ఆ పేరు ఇచ్చేది రిజర్వు బ్యాంకు పెట్టిన ఐడీఆర్‌బీటీ అనే సంస్థ ఒక్కటే, అదీ బ్యాంకులకే. సంస్థ ఉన్నది మన హైదరాబాద్‌లోనే. సొంతూళ్లోనే ఈ అన్యాయం!

అయినా ఆశ చావలేదు. మనవాళ్లకు ఇంటిపేరు ముందుంటుంది, వెబ్ చిరునామాకేమో చివర ఉంటుంది. ‘ఎస్‌బీఐ డాట్ బ్యాంక్ డాట్ ఇన్ డాట్ కేవైసీ డాట్ టాప్’ అని పంపితే మొదటి మూడు ముక్కలు చూసి మురిసిపోతారు. ఇంటిపేరు ‘కేవైసీ డాట్ టాప్’ అని పట్టించుకోరు. మొదట్లోని జంట గీతలు వదిలేసి, తర్వాత వచ్చే తొలి స్లాష్ దగ్గర ఆగి వెనక్కి చదివే పెంకివాళ్లతోనే చిక్కు. గూగుల్‌లో బ్యాంకు పేరు వెతికి, పైనున్న ‘స్పాన్సర్డ్’ (డబ్బు కట్టి పెట్టించిన ప్రకటన) లింకు నొక్కే సదాచారం మానేసి, చిరునామా బుక్‌మార్క్ చేసుకునేవాళ్లు మరీ కఠినాత్ములు. పాస్‌వర్డ్‌లు దాచిపెట్టి తనే నింపే యాప్, అదే పాస్‌వర్డ్ మేనేజర్ సంగతి చెప్పనే అక్కర్లేదు. లోగో ఎంత ముచ్చటగా ఉన్నా దానికి మోజు లేదు, డొమైన్ తేడా వస్తే నింపదు. ‘యాప్ మొరాయించింది’ అని తిట్టుకుంటూ చేత్తో కొట్టేవాళ్లే పరిశ్రమకు దిక్కు.

పరువు పోతుందని రెండు రోజులు ఇంట్లో చెప్పకపోవడం మన సంస్కృతి. దాన్నీ చెడగొడుతున్నారు. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే డబ్బు చేతులు మారేలోపు ఆపించే వీలుందట. బ్యాంకుకూ చెప్పాలట. మన అజాగ్రత్తతో వివరాలు ఇచ్చుకుంటే, చెప్పేదాకా పోయింది మనది, చెప్పాక పోయింది బ్యాంకుది అని రిజర్వు బ్యాంకు 2017లోనే రాసిపెట్టింది. ఫోన్ ఆలస్యమైనకొద్దీ పరిశ్రమకు ఊపిరి.

ప్రస్తుతానికి భారమంతా రాత్రి పదకొండింటి మెసేజ్ మీదే ఉంది: ‘ఈ రాత్రికే మీ ఖాతా బ్లాక్’. లింకు చివర ‘డాట్ టాప్’ అని ఉంది. నిద్రమత్తులో ఎవరు చూస్తారులే.