చార్లీని తట్టుకున్నవాళ్లే ఇయాన్‌కు చిక్కారు

2004 ఆగస్టు 13న చార్లీ అనే హరికేన్ ఫ్లోరిడాలో కాయో కోస్టా దీవి దగ్గర తీరాన్ని తాకింది. 2022 సెప్టెంబర్ 28న ఇయాన్ కూడా అక్కడే తాకింది. రెండూ కేటగిరీ 4 (ఒకటి నుంచి అయిదు దాకా ఉన్న తీవ్రత స్కేలులో). రెండింటి గాలి వేగమూ గంటకు సుమారు 240 కిలోమీటర్లు. కానీ చార్లీ వల్ల అమెరికాలో నేరుగా చనిపోయినవాళ్లు పది మంది వరకు ఉంటే, ఇయాన్‌లో ఆ సంఖ్య 60 పైన. పరోక్ష మరణాలూ కలిపితే 150 దాటింది.

చార్లీ చిన్న తుపాను, చకచకా దాటిపోయింది. అది లేపిన ఉప్పెన ఆరేడు అడుగులు. ఇయాన్ గాలులు దానికంటే చాలా వెడల్పుగా పరుచుకున్నాయి, కదలిక కూడా నెమ్మది. దగ్గర్లోని ఫోర్ట్ మైయర్స్ బీచ్ ఊళ్లో 10 నుంచి 15 అడుగుల నీళ్లు వచ్చాయి. ఇల్లు గట్టిది, కిటికీలకు షట్టర్లున్నాయి, చార్లీకే ఏమీ కాలేదు అనుకుని ఆగిపోయినవాళ్లను గాలి ఏమీ చేయలేకపోయినా నీళ్లు వదల్లేదు.

వీళ్లను నిర్లక్ష్యం అనే ఒక్క మాటతో కొట్టిపారేస్తుంటే నాకు కోపం వస్తుంది. వాళ్లు లెక్క వేసుకున్నారు. ఆ లెక్కకు ఆధారం మాత్రం పాత తుపాను. మిసిసిపీ తీరంలోనూ ఇదే జరిగింది. 1969లో కేటగిరీ 5గా వచ్చిన కమీల్‌ను తట్టుకున్న ఇల్లు కేటగిరీ 3 కత్రినాకు ఏమవుతుందిలే అని 2005లో ఎంతోమంది కదల్లేదు. కత్రినా ఉప్పెన కమీల్ ఉప్పెనను మించిపోయింది. న్యూ ఆర్లీన్స్‌ది ఇంకో రకం అనుభవం. 2004లో ఐవన్ వస్తోందని జనం గంటల తరబడి ట్రాఫిక్‌లో నరకం చూసి బయటికి పోతే, తుపాను అలబామా వైపు మళ్లింది. అనవసరంగా వెళ్లామన్న భావన మిగిలింది. ఏడాది తిరక్కుండానే కత్రినా వచ్చింది.

ఆ ‘కేటగిరీ’ అంకె కొలిచేది గాలి వేగాన్ని మాత్రమే. 1963 నుంచి 2012 వరకు అమెరికాలో అట్లాంటిక్ తుపానుల వల్ల నేరుగా సంభవించిన మరణాల్లో దాదాపు సగానికి ఉప్పెనే కారణం. వాన వరదలు, అలలు కూడా కలిపితే దాదాపు 90 శాతం నీటివల్లే. అయినా టీవీ యాంకర్ నోట మొదట వచ్చేది కేటగిరీయే. మ్యాపు మీద వేసే కోన్ (శంకు ఆకారపు అంచనా బొమ్మ) కూడా తుపాను కేంద్రం ఎటు పోవచ్చో చెబుతుందే తప్ప, ఉప్పెన ఎక్కడిదాకా వస్తుందో చెప్పదు. ఇయాన్ ఇంకా ఉత్తరాన ఉన్న టాంపా వైపు పోతుందన్న అంచనా చూస్తూ, ఫోర్ట్ మైయర్స్ బీచ్ ఉన్న లీ కౌంటీ (జిల్లా లాంటిది) అధికారులు సెప్టెంబర్ 27 ఉదయం దాకా ఖాళీ చేయమనలేదు. అధికారులే అంతసేపు ఆగితే జనాన్ని తప్పుపట్టే హక్కు ఎవరికుంది? ఉప్పెనకు విడిగా హెచ్చరిక ఇవ్వడం 2017 నుంచే ఉంది. మొదట చెప్పాల్సింది దాన్నే.

మరీ భయపెడితే వేరే ప్రమాదం ఉందంటారు. అది నిజమే. 2005లో రీటా వస్తోందని హ్యూస్టన్ చుట్టుపక్కల జనం ఒక్కసారిగా రోడ్డెక్కారు. ఆ తరలింపులోనే దాదాపు వంద మంది చనిపోయారు, తుపాను నేరుగా తీసిన ప్రాణాల కంటే ఎక్కువ. కానీ ఆ రోడ్ల మీద ఉన్నవాళ్లలో చాలామంది ఖాళీ చేయాల్సిన జోన్‌లో లేరు. ఉప్పెన జోన్‌లో ఉన్నవాళ్లకు రాష్ట్రం దాటాల్సిన పని కూడా ఉండదు. చాలాసార్లు కొన్ని పదుల కిలోమీటర్లు లోపలికి, మెరక మీదికి పోతే చాలు.

అయితే ఆ కొద్ది దూరం పోవడానికీ డబ్బు కావాలి. పెట్రోలు, హోటల్ గది, పోయిన రోజుల కూలి. కత్రినా వచ్చింది ఆగస్టు 29న. ఒకటో తారీఖు చెక్కు మీద బతికే కుటుంబాల చేతిలో నెలాఖరుకు ఏముంటుంది? న్యూ ఆర్లీన్స్‌లో సుమారు లక్ష మందికి కారే లేదు. పెంపుడు జంతువులను వదిలి రాలేక ఆగిపోయినవాళ్లూ ఉన్నారని అప్పుడే తెలిసింది. 2006లో అమెరికన్ కాంగ్రెస్ చట్టం చేసి, తరలింపు ప్రణాళికల్లో వాటినీ చేర్చమంది. అంటే జనం ఎందుకు కదలడం లేదో కనుక్కుని, ఆ అడ్డును చట్టంతో తీసేయడం అసాధ్యమేమీ కాదు.

ఇప్పుడు తీయాల్సిన పెద్ద అడ్డు ఉద్యోగం. రేపు డ్యూటీకి రాకపోతే పని పోతుందేమోనన్న టెన్షన్‌లో ఉన్న మనిషికి ఎన్ని హెచ్చరికలు పంపినా ఏం లాభం? అధికారికంగా ఖాళీ చేయమన్నప్పుడు వెళ్లిపోయిన ఉద్యోగిని తీసేయకూడదని టెక్సాస్‌లో చట్టం ఉంది. జీతం మాట అందులో లేదు. తీర రాష్ట్రాలన్నీ అలాంటి చట్టం తెచ్చుకోవాలి, కనీసం మూడు రోజుల జీతం అందులో చేర్చాలి, కారు లేనివాళ్ల వీధికి బస్సు పంపే బాధ్యత కౌంటీ మీద పెట్టాలి. సీజన్ జూన్ 1న మొదలవుతుంది. శాసనసభల్లో ఈ పని ఆలోపే అయిపోవాలి.